మెదడు ఒత్తిడి: కంటి వెనుక సాక్ష్యము

పుచ్చకాయను కొనునపుడు మనము దానిని వ్రేలితో తట్టి చూచెదము. కొబ్బరికాయను చెవియొద్ద ఊపి లోపల నీరున్నదో లేదో తెలిసికొందుము. పగులగొట్టకుండ లోపలి సంగతిని ధ్వనివలన గ్రహించుట సంతకు పోవు ప్రతివారికిని తెలిసిన విద్యయే. ఈ విద్యను వైద్యమునకు తెచ్చినవాడు ఆస్ట్రియా దేశపు వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్. ఆయన తండ్రి పూటకూళ్ళ యింటి యజమాని. ద్రాక్షసారాయి పీపాలను తట్టి అందెంత సరుకు మిగిలినదో కనుగొనుట ఆయన బాల్యముననే చూచెనని చెప్పుదురు. రోగి రొమ్మును వ్రేళ్ళతో తట్టి లోపల నీరు చేరినదో లేదో తెలిసికొనవచ్చునని ఆయన 1761లో ఒక చిన్న గ్రంథమున ప్రకటించెను.

రొమ్మును తట్టవచ్చును, కడుపును తట్టవచ్చును. తలను తట్టిన ఏమి తెలియును? పుఱ్ఱె గట్టి యెముక. లోపల మెదడు పొంగినను, నీరు నిండినను, నెత్తురు చేరినను పైకి ఒక్క వెండ్రుకవాసి మార్పు కానరాదు. ఒక్క పసిబిడ్డల విషయమున మాత్రము ప్రకృతి దయ చూపినది. మన యిండ్లలో అమ్మమ్మలు చంటిబిడ్డ మాడున ఆముదము అద్దునపుడు వారి వ్రేళ్ళకు అక్కడ మెత్తని చోటు తగులును. అది నాడితో కూడ కొట్టుకొనుచుండును. బిడ్డకు విరేచనములై ఒంటిలో నీరు తగ్గినచో ఆ చోటు గుంట పడును. బిడ్డ ఏడ్వకుండ, ఒడిలో నిటారుగా ఉన్నపుడు సైతము అది పొంగి బిగిసి యున్నచో లోపల ఒత్తిడి పెరిగినదని అర్థము. అట్టి బిడ్డను తక్షణమే వైద్యునికి చూపవలెను. అమ్మమ్మలకు తెలిసిన ఈ పరీక్షను వైద్యులును మానలేదు. దానికి తోడు ఆ మెత్తని చోటుననే యంత్రమునుంచి, ధ్వని సాయమున మెదడు బొమ్మను చూచుచున్నారు. కాని సుమారు ఏడాదిన్నర వయస్సునకు ఆ కిటికీ మూసికొనిపోవును. అటుపైన మనిషి తల మూత బిగించిన పెట్టె.

ఈ పెట్టె విషయము తొలుత ఆలోచించినవారు స్కాట్లండు వైద్యులు. ఎడింబరోలో అలెగ్జాండర్ మన్రో 1783లోను, ఆ చెంతనున్న లీత్ రేవులో జార్జి కెల్లీ 1824లోను చెప్పిన దానిని నేటికిని వారిద్దరి పేరనే వ్యవహరించుచున్నారు. పుఱ్ఱెలో మూడు వస్తువులున్నవి: మెదడు, నెత్తురు, నీరు. స్థలములో ఎనుబది పాళ్ళు మెదడుదే. తక్కిన ఇరువదిని నెత్తురును నీరును పంచుకొనును. ఈ నీరు మెదడును, వెన్నుపామును చుట్టియుండు తేటద్రవము. దీనినే ఆసుపత్రిలో 'వెన్నులో నీరు' అందురు. దేహములో ఇది ఏ సమయమున చూచినను సుమారు 150 మిల్లీలీటర్లే యుండును గాని, దినమునకు అర లీటరు వరకు క్రొత్తగా ఊరుచు, అంతయు మరల నెత్తురులో కలియుచుండును. పెట్టె పెరుగదు గనుక, ఈ మూడింటిలో ఒకటి హెచ్చినచో తక్కినవి తగ్గి తీరవలెను.

పండుగనాటి బస్సును తలచుకొనుడు. మరి యిద్దరెక్కిన సర్దుకొందురు. ఇంకొక నలుగురెక్కిన ఒదిగి నిలుతురు. ఒక దశ దాటిన పిమ్మట ఒక్క మనిషి ఎక్కినను ఊపిరాడదు. మెదడు సంగతియు నంతే. తొలుత నీరు వెన్నులోనికి జారును; సిరలలోని నెత్తురు బయటికి పోవును; ఒత్తిడి యంతగా పెరుగదు. ఆ వెసులుబాటు తీరిన పిదప కొద్దిపాటి వాపునకే ఒత్తిడి ఎగబ్రాకును.

పండుకొనియున్న ఆరోగ్యవంతునిలో ఈ ఒత్తిడి పాదరసపు కొలతలో సుమారు 7 మొదలు 15 మిల్లీమీటర్లు. ఇది ఇరువది దాటి నిలిచెనా, వైద్యులు కలత చెందుదురు. ఏల యన, మెదడునకు నెత్తురు పోవలెనన్న గుండె పంపు ఒత్తిడి ఈ ఎదురు ఒత్తిడిని గెలువవలెను. ధమనులలో సగటు ఒత్తిడి 80, పుఱ్ఱెలో 10 అయినచో మెదడునకు దక్కునది 70. పుఱ్ఱెలోనిది 30 అయినచో దక్కునది 50 మాత్రమే. చేతికి పట్టీ కట్టి చూచు రక్తపోటు మాత్రము ఎప్పటివలెనే 80 సగటు చూపుచునే యుండును. చేయి బాగున్నది, మెదడు అలమటించుచున్నది.

మెలకువగా నున్న మనిషికి ఇట్లయినచో తలనొప్పి యనును, వాంతి చేసికొనును, చూపు మసకయైనదని చెప్పును, మత్తుగా తూగును. మత్తుమందు ఇచ్చి శస్త్రచికిత్స చేయుచున్న రోగి యేమి చెప్పగలడు? తూగుట మనము కోరి తెచ్చినదే గదా! 'మత్తు డాక్టరు' అనగా సూది వేసి పక్కకు పోవువాడని మనలో చాలమంది తలంపు. అది సరికాదు. రోగి నోరు మూతపడిన ఆ గంటలలో అతనికి బదులు తానే కనిపెట్టుచు తలవైపున కూర్చుండువాడు ఆయన. గుండె గీతలు, రక్తపోటు, వ్రేలికి తగిలించిన బిళ్ళతో ప్రాణవాయువు, వదలు ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు - ఇవన్నియు ఆయన ఎదుట అంకెలై కదలుచుండును. ఒక్క మెదడు ఒత్తిడికే అంకె లేదు.

అంకె కావలెనన్న పుఱ్ఱెకు రంధ్రము చేయవలెను. స్వీడను దేశములో లుండ్ పట్టణమున నిల్స్ లుండ్‌బెర్గ్ అను వైద్యుడు మెదడు లోపలి గదిలోనికి సన్నని గొట్టము పంపి, ఒత్తిడిని గంటల తరబడి నిలువకుండ వ్రాయు పద్ధతిని స్థిరపరచి 1960లో ప్రకటించెను. ఇప్పటికిని నమ్మదగిన కొలత అదియే. అవసరమైనచో ఆ గొట్టము ద్వారా నీటిని కొంత బయటికి వదలి ఒత్తిడిని తగ్గింపవచ్చును కూడ. తలకు దెబ్బ తగిలినవానికి ఇది ప్రాణదానము. అయితే రంధ్రము రంధ్రమే: నెత్తురు కారవచ్చును, క్రిములు చేరవచ్చును. కడుపులో ఆపరేషనుకు వచ్చినవాని తలకు రంధ్రము చేయుదుమన్న ఎవ్వరొప్పుకొందురు?

ఇచ్చట మరల ధ్వని రంగమునకు వచ్చినది. మన చెవి సెకండునకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. అంతకు మించినది వినరాని ధ్వని. దానితో చేయు పరీక్షనే 'స్కానింగు' అని అందరు నెరుగుదురు. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని పియెర్ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ 1880లో కనుగొనిరి. విద్యుత్తు నిచ్చిన అవి కంపించునని మరుసటి యేటనే తేలినది. వెనుకటి గ్రామఫోను పెట్టెలలో రికార్డు గీతల కదలికను విద్యుత్తుగ మార్చిన స్ఫటికపు సూది యిల్లు గలవారికి ఈ సంగతి క్రొత్త కాదు. స్కానింగు ప్రోబులోని స్ఫటికము ధ్వనిని పంపును, మరుక్షణమున తానే చెవియై ప్రతిధ్వనిని వినును. దేహములో ధ్వని సెకండునకు సుమారు 1,540 మీటర్లు పోవును గనుక, ప్రతిధ్వని వచ్చుటకు పట్టిన కాలమును బట్టి తగిలిన వస్తువు ఎంత లోతున నున్నదో లెక్కకు వచ్చును.

ఈ ధ్వనిని తలపై ప్రయోగించుట క్రొత్త యత్నము కాదు. ఆస్ట్రియాలో కార్ల్ డుస్సిక్ 1942లోనే మెదడు గదుల బొమ్మలు తీసితినని ప్రకటించెను. తరువాత విచారింపగా ఆ బొమ్మలు చాలవరకు పుఱ్ఱె యెముక కల్పించిన నీడలని తేలినది. ఎముక ధ్వనిని మ్రింగును, చెదరగొట్టును. ఒక పరిశోధకుడు ఇట్లు పొరబడుటను మేము తక్కువగా నెంచము. ఆ పొరపాటే కిటికీ కొరకు వెదకుమని తరువాతివారికి చెప్పినది.

పెద్దవారి తలలో అట్టి కిటికీలు రెండు దొరకినవి. మొదటిది కణత. అక్కడ ఎముక పలుచన. 1982లో రూనె ఆస్లిడ్ అను నార్వే శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును కణతనుండి ధ్వనిని పంపి మెదడు లోపలి పెద్ద ధమనిలో నెత్తురు వేగమును కొలిచి చూపిరి. రైలు మన వైపు వచ్చునపుడు దాని కూత హెచ్చు స్థాయిలోను, దాటి పోవునపుడు తగ్గు స్థాయిలోను వినబడునుగదా. దీనిని డాప్లర్ 1842లో సూత్రించెను. 1845లో హాలండులో రైలుబండిపై బాకాలూదువారిని కూర్చుండబెట్టి, పక్కన నిలిచిన సంగీతజ్ఞులచేత స్వరమును గుర్తింపజేసి దీనిని రుజువు పరచిరి. కదలు నెత్తురు కణములనుండి తిరిగివచ్చు ధ్వనియు నట్లే మారును. పుఱ్ఱెలో ఒత్తిడి హెచ్చినచో, గుండె ముడుచుకొనినపుడు నెత్తురు ఎట్లో తోసికొని పోయినను, గుండె విశ్రమించు క్షణమున ప్రవాహము సన్నగిల్లును. ఆ రెండింటి అంతరము పెరుగుటయే సూచన. కాని కొందరికి, ముఖ్యముగా వయసు మీరిన స్త్రీలకు, కణత యెముక సయితము మందమై ధ్వనిని పోనీయదు.

రెండవ కిటికీ కన్ను. మా అభిప్రాయమున ఇదియే మిక్కిలి ముచ్చటయైనది.

కన్ను మెదడునకు పొరుగిల్లు కాదు, అదే యింటి అరుగు. కంటి వెనుకనుండి మెదడులోనికి పోవు నేత్రనాడి మామూలు నరము వంటిది కాదు. అది మెదడులోనుండి వెలికి చాగిన భాగమే. కనుక మెదడును కప్పు పొరలే దానిని కత్తికి ఒరవలె కప్పుచు కనుగుడ్డు వరకు వచ్చును. ఆ ఒరకును నాడికిని నడుమనున్న సందులో మెదడు నీరే నిండియుండును. పుఱ్ఱెలో ఒత్తిడి హెచ్చినచో నీరు ఆ సందులోనికి తోసికొనివచ్చి ఒరను ఉబ్బించును. కంటిలో నాడి మొన ఉబ్బుట వైద్యులు 19వ శతాబ్దమునుండి అద్దముతో చూచుచునే యున్నారు; కాని ఆ వాపు తేలుటకు గంటలు, తరచు దినములే పట్టును. ఒర ఉబ్బుట అట్లు కాదు. అది నిమిషములలో జరుగును. మెదడు ఒత్తిడికిని నాడి మొన వాపునకును గల ఈ సంబంధము తేలుటకు 1960ల దశకమున కోతులపై ప్రయోగములు చేసి తోడ్పడినవారిలో సోహన్ సింగ్ హయ్రే అను భారతీయుడు ముఖ్యుడు. జర్మనీలో హాన్సెన్, హెల్మ్‌కే అను వైద్యులు 1997లో, రోగుల వెన్నునీటి ఒత్తిడిని పరీక్ష కొరకు కొలది కొలదిగా పెంచుచు, అదే సమయమున ధ్వనితో ఒరను చూచి, ఒత్తిడితో పాటు ఒరయు వెడల్పగుట కన్నులార కనిరి.

పరీక్ష చూచుటకు అతి సామాన్యము. మూసిన కనురెప్పపై చల్లని జిగురు వ్రాసి, ప్రోబును బరువు మోపకుండ ఆనించెదరు. తెరపై కనుగుడ్డు నల్లని గుండ్రని చెరువువలె నగపడును. దాని వెనుక నాడి నల్లని బాటవలె లోనికి పోవును. కనుగుడ్డు అంచునుండి సరిగా 3 మిల్లీమీటర్ల లోతున ఒర వెడల్పును కొలిచెదరు, ఏలయన ఉబ్బు అచ్చటనే ఎక్కువ. రెండు కన్నులను నిలువుగ, అడ్డముగ చూచి సగటు తీయుదురు. సామాన్యముగ ఇది 5 మిల్లీమీటర్లకు లోపు. కంటి లోపలి పొరలు సుకుమారములు గనుక ధ్వని బలమును తగ్గించి, పని త్వరగా ముగించవలెనన్న నియమ మున్నది. కంటికి దెబ్బ తగిలి గుడ్డు చిట్లినదని అనుమానమున్నచో ఈ పరీక్ష చేయరాదు.

శస్త్రచికిత్సలో దీని అవసరము ఎట్టిదో ఒక ఉదాహరణము చెప్పెదము. ప్రోస్టేటు గ్రంథికి పుట్టకురుపు వచ్చినవారికి నేడు అనేక చోట్ల రోబో యంత్రము సాయమున ఆపరేషను చేయుచున్నారు. చిన్న చిన్న రంధ్రములతో పని ముగియును; నెత్తురు తక్కువ పోవును; రోగి త్వరగా ఇల్లు చేరును. కాని పొత్తికడుపు అడుగున పని చేయుటకు చోటు కావలెను. అందుకొరకు కడుపులోనికి బొగ్గుపులుసు వాయువును ఎక్కించి ఉబ్బింతురు. ప్రేవులు పైకి జారునట్లు బల్లను తలక్రిందుగ, ముప్పది డిగ్రీల వరకు, కొన్ని చోట్ల అంతకు మించియు వంచెదరు. 19వ శతాబ్దపు జర్మను శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ పేరనే ఈ భంగిమ ప్రసిద్ధము. రోగి జారిపోకుండ కట్టి, రెండు మూడు గంటలు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువసేపు అట్లే ఉంచవలసి వచ్చును.

ఇక మెదడు గతి చూడుడు. మెదడు సిరలలో తలుపులు లేవు. తల దిగువనున్నచో నెత్తురు వెనుకకు మరలుట కష్టము. ఉబ్బిన కడుపు రొమ్మును పైకి నొక్కుటచే ఆ కష్టము ఇనుమడించును. ఎక్కించిన వాయువు కొంత నెత్తురులో కలియును; బొగ్గుపులుసు వాయువు హెచ్చినచో మెదడు ధమనులు విప్పారి మరింత నెత్తురును లోనికి తెచ్చుకొనును. అనగా బస్సులోనికి ఎక్కువారు హెచ్చిరి, దిగువారు తగ్గిరి. ఇట్టి ఆపరేషనులలో కంటిని పరీక్షించిన అనేకులు, బల్ల వంచిన కొలది నిమిషములకే ఒర మిల్లీమీటరులో కొన్ని పదవ వంతులు ఉబ్బుటయు, బల్ల సరిచేసి వాయువు వదలిన పిమ్మట మరల తగ్గుటయు గమనించిరి.

దీనికి బెదరవలసిన పనిలేదు. ఆరోగ్యమైన మెదడు కలవారిలో చాలమందికి ఇది వచ్చి పోయినట్లే తెలియదు. ఆపరేషను గది వెలుపలికి తెచ్చినపుడు ముఖము, కనురెప్పలు ఉబ్బియుండుట చూచి ఇంటివారు అదరిపోవుదురు. అది తలక్రిందుగ నుండుటవలన కలిగిన వాపు, కొలది గంటలలో దిగిపోవును. భయమంతయు మెదడులో ఇదివరకే వెసులుబాటు లేనివారి విషయముననే. అట్టివానిలో ఒర ఉబ్బుచున్నదని కన్ను చెప్పినచో మత్తు వైద్యుడు చేయదగిన పను లున్నవి: ఊపిరి యంత్రము వేగమును సవరించి బొగ్గుపులుసు వాయువును వెడలించును, వంపును, కడుపులో వాయువు ఒత్తిడిని తగ్గింపుమని శస్త్రవైద్యుని కోరును, పీల్చు మత్తును తగ్గించి సిరలోనికిచ్చు మత్తును వాడును, అవసరమైనచో మెదడు నీటిని పీల్చు మందిచ్చును. అన్నియు సామాన్యమైన పనులే. సమయమునకు తెలియుటయే కష్టము.

ఇంతకంటె గడ్డు సందర్భము కాలేయ మార్పిడి. కాలేయము కొలది దినములలో హఠాత్తుగ చెడిపోవు జబ్బు కలదు. మన దేశమున దీనికి పెక్కుసార్లు కలుషిత జలముతో వచ్చు పచ్చకామెర్ల క్రిములు కారణము. దక్షిణ రాష్ట్రములలో పసుపు భాస్వరముతో చేసిన ఎలుకల మందు కడుపులోనికి పోవుటయు ఒక ముఖ్య కారణము. కాలేయము శుద్ధి చేయవలసిన అమ్మోనియా నెత్తురులో పేరుకొని, మెదడు కణములను ఉబ్బించును. రోగి మొదట తికమకగా మాటలాడును, పిదప స్మృతి తప్పును. ఇట్టివానికి మెదడు ఒత్తిడి కొలత అత్యవసరము. కాని నెత్తురు గడ్డకట్టుటకు కావలసిన పదార్థములను చేయునదియు ఆ కాలేయమే! అది పాడైనపుడు పుఱ్ఱెకు రంధ్రము చేసిన, కారు నెత్తురు ఆగక అదియే ప్రాణము తీయవచ్చును. అవసరము ఎంత ఎక్కువయో అపాయమును అంత ఎక్కువ. ఇట్టి చిక్కులో కనురెప్పపై ఆనించు ప్రోబు, కణతపై ఆనించు ప్రోబు వైద్యునికి చేతికఱ్ఱలు. క్రొత్త కాలేయమును అతికి, బిగించిన నెత్తురు నాళములను విడిచిపెట్టు నిమిషమున రక్తపోటు తటాలున పడిపోవును, చల్లని నెత్తురు గుండెను చేరును, మెదడు ధమనులు విప్పారును. ఆ నిమిషములకు ముందొకసారి, వెనుకనొకసారి కన్ను చూచిన ఎంతో మేలు.

అయినను ఈ సాక్షి మాటను ఎంతవరకు నమ్మవలెను? ఒర 5.4 ఉన్నదనిన ఒత్తిడి ఇంత అని ఎవ్వరును చెప్పలేరు. హద్దు 5 అని మేము పైన చెప్పితిమి గాని, కొందరు పరిశోధకులకు అది 4.8గను, మరికొందరికి 6కు చేరువగను తేలినది. మనుష్యులందరి ఒరలు ఒక్క కొలతవి కావు. కొలుచువాని చేయి కొంచెము వాలినను రెండు మూడు పదవ వంతులు తేడా వచ్చును. మనము వెదకు మార్పు సయితము అంతియే! చాలకాలము ఉబ్బియున్న ఒర, ఒత్తిడి తగ్గినను, సాగిన రబ్బరువలె వెంటనే ముడుచుకొనకపోవచ్చును. పైగా గుండె గీతలవలె ఇది నిలువకుండ నడుచునది కాదు, చూచినపుడే తెలియును. కనుక ఒక మనిషి అంకెను మరియొక మనిషి అంకెతో పోల్చుట కంటె, ఆ మనిషి యొక్క ఆపరేషను ముందటి అంకెను నడుమటి అంకెతో, ఒకే వైద్యుడు కొలిచి పోల్చుటయే మేలైన పద్ధతి. మత్తునకు ముందు ఒకసారి కొలిచి వ్రాసికొనని చోట, నడుమ తీసిన కొలత అంతగా ఉపకరింపదు. పుఱ్ఱెలో గొట్టము అవసరమైన రోగికి ఇది బదులు కాజాలదు. ఈ పరీక్షను ప్రతి ఆపరేషనులోను చేయవలెనని వాదించువారితో మేము ఏకీభవింపము.

ఎవరికి అవసరమో నిర్ణయించుటకు వైద్యునికి కావలసిన సమాచారము కొంత మన యొద్దనే యున్నది. పెద్ద ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరు వచ్చి ప్రశ్నలు వేయునపుడు, ఈ కడుపు ఆపరేషనుకు తలతో ఏమి పని యని చాలమంది పాత సంగతులు దాటవేయుదురు. ఎన్నడో తలకు తగిలిన పెద్ద దెబ్బ, మెదడులో గడ్డ, పక్షవాతపు పోటు, మెదడు నీటిని కడుపులోనికి మరల్చుటకు చిన్ననాడు వేసిన గొట్టము, కొంతకాలముగ తెల్లవారుజామున వచ్చు తలనొప్పి, నీటికాసుల జబ్బుకు వేసికొను కంటిచుక్కలు - వీనిలో ఏది యున్నను అడుగకమునుపే చెప్పవలెను. పాత స్కానింగు కాగితములున్నచో అవియు వెంట తీసికొని పోవలెను.